కొడవలికి తెగే ముడి

మా అక్క లూదియాకు కోపమెక్కువని నంద్యాల జట్కా స్టాండులో అందరూ అనేవాళ్లు. అది అబద్ధం. కోపానికే మా అక్కంటే భయం. ఆమె వెనక పుట్టి, ఆమె విడిచిన గౌన్లు తొడుక్కుని పెరిగినదాన్ని కాబట్టి నాకు తెలుసు. ఆమె అరిచినప్పుడు ఎవరికీ ఏమీ కాలేదు. ఆమె నోరు తెరవకుండా కూర్చున్న రోజు మాత్రం ఒకటుంది. ఆ రోజు గురించి చెప్పాలనే ఇది మొదలుపెట్టాను.

మా నాయన ఓబయ్యది తోలు పని. రైల్వే స్టేషన్ ఎదురుగా, జట్కాలు నిలబడే చోట రేకుల కప్పు కింద కొట్టు. గుర్రాలకు కళ్లేలు, పగ్గాలు, ఎద్దులకు మెడ వార్లు, పల్లెల నుంచి వచ్చే రైతులకు కపిల బానలు కుట్టేవాడు. కొడుకులు లేరు. ఆరెతో తోలుకు చిల్లు పొడవడం అక్క పసితనంలోనే నేర్చుకుంది. నేను పలకా బలపం పట్టాను. "ఒగితి సదువుకోనీ, ఒగితి బతకనేర్చుకోనీ" అనేవాడు నాయన. బడిపంతులమ్మగా చేసి రిటైరైన నాకు ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

కపిల అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. బావి ఒడ్డు నుంచి వాలుగా ఒక దారి తవ్వి ఉంటుంది. ఎద్దుల జత ఆ వాలు దిగుతుంటే పెద్ద మోకు గిలక మీదుగా సాగి, నీళ్లు నిండిన తోలుబాన పైకొస్తుంది. తోలేవాడు మోకు మీదే కూర్చుని దిగుతాడు. బరువంతా ఎద్దుల మెడ మీద ఉంటుంది. ఒక ఎద్దు కాలు జారి పడిందంటే నిండు బాన వెనక్కి గుంజుతుంది, కాడి దాని గొంతుకు బిగుసుకుంటుంది. అందుకని మా నాయన కాడికీ మోకుకూ నడుమ జానెడు జనపనార తాడు ముడి వేసేవాడు. ఎద్దు పడితే తోలేవాడు నడుముకున్న కొడవలి తీసి ఒక్క వేటు వేస్తాడు. బాన బావిలో పడుతుంది, ఎద్దు లేచి నిలబడుతుంది. బానను మళ్లీ కుట్టుకోవచ్చు.

కోయిలకుంట్ల దిక్కు రైతు ఒకాయనకు ఆ జనపనార నామోషీ అనిపించింది. ఇంత బలమైన బానను దారంతో కట్టుకోవడమేమిటని, కమ్మరి దగ్గర ఇనుప గొలుసూ కొక్కెమూ చేయించి తగిలించుకున్నాడు. ఆ ఏడే ఎద్దు పడింది. బాన బాగు చేయడానికి పోతూ నాయన అక్కను వెంట తీసుకుపోయాడు. చచ్చిన ఎద్దు ఇంకా వాలులోనే ఉంది. రైతు భార్య దాని మొహానికి పసుపు రాస్తూ ఏడుస్తోంది. గొలుసు మీద కొడవలితో కొట్టిన చోటల్లా తెల్లగా గీతలు పడి ఉన్నాయి. ఆయన కొట్టకపోలేదు. ఎంత కొట్టినా అది తెగలేదు, అంతే.

తిరిగొచ్చేటప్పుడు నాయన అక్కతో అన్న మాట మా ఇంట్లో బైబిలు వాక్యం పక్కన పెట్టుకోదగ్గ మాటైపోయింది. "ఇనుముకు ఇనుము తగిలిచ్చగాకమ్మా. నడమ కొడవలికి తెగేది ఒగటి ఉండాల. లాగితే నిలవాల, కోస్తే తెగాల."

నాకు ఆ మాట అర్థమైంది. అక్కకు ఒంటికి పట్టింది. తేడా అదే.

*

దేవరాజు బావ మా కొట్టుకు మొదట వచ్చింది కూడా కొక్కెం కోసమే. ఆళ్లగడ్డ అవతల నల్లమల అడుగున గవిమిట్ట అనే చిన్న పల్లె ఆయనది. బావుల్లో దిగి పడిపోయిన బిందెలు, మోటార్ల ఫుట్‌వాల్వులు, అప్పుడప్పుడూ మనుషులను కూడా పైకి తెచ్చేవాడు. నడుముకు కట్టుకునే తాడుకు ఇనుప కొక్కెం పెట్టమని అడిగాడు. నాయన భోజనానికి పోయాడు, కొట్లో అక్క ఉంది.

"కొక్కెం ఇయ్యను" అంది.

"ఎందుకియ్యవు? దుడ్లు ఇస్తాండాగదా."

"నీళ్లల్లో యాడన్నా తగులుకుంటే దాన్ని ఎట్ల కోస్తావప్పా? నువ్వు మళ్ల పైకి రావాలని ల్యాదా?"

బావ ఆ రోజు కొక్కెం కొనుక్కోకుండానే వెళ్లాడు. మళ్లీ ఏ పనీ లేకుండానే వచ్చాడు. డెబ్బై రెండులో పెళ్లయింది. మా నాయన కట్నం కింద ఇవ్వగలిగింది తన పనిముట్ల పెట్టె ఒక్కటే. అక్క అదెత్తుకుని ఆళ్లగడ్డలో కాపురం పెట్టి, బస్టాండు వెనక సందులో ఇంటి అరుగు మీదే కొట్టు తెరిచింది. అప్పటికే కరెంటు మోటార్లు వచ్చి కపిలలు మూలపడ్డాయి. బానలు కుట్టే చేతులతో బడి సంచులకు వార్లు కుట్టింది. పని చిన్నదైందని ఒక్క రోజు కూడా అనలేదు. వార్లు సరిగా పట్టుకోని పిల్లలను మాత్రం తిట్టేది.

మొగుడూ పెళ్లాలకు ఒకే ఒక్క తగువు. అది వెండి మొలతాడు.

కోయిలకుంట్లలో బట్టల వ్యాపారం చేసే వాళ్లింటి శారదమ్మ గొలుసు బావిలో పడితే బావ తీసిచ్చాడు. ఆమె సంతోషించి బావకు వెండి మొలతాడు చేయించింది. ఇక చూడాలి ఆయన వైభవం. అది నలుగురికీ కనబడాలని పంచె జారగట్టుకుని బజారంతా తిరిగేవాడు. పాస్టరుగారు ప్రసంగంలో పేరెత్తకుండా చురక పెట్టినా సిగ్గుపడలేదు. అక్కకు పాస్టరుగారి అభ్యంతరంతో పని లేదు. ఆమె బాధ వేరు. బావుల్లో దిగేవాళ్లు పాత నూలు మొలతాడు కట్టుకుంటారు. రాతికి తగులుకుంటే నానిన నూలు పుటుక్కున తెగుతుంది. వెండి తెగదు.

"ఎండిది బయట కట్టుకోని ఊరేగుప్పా, నేనొద్దనను. నీళ్లల్లో దిగేటప్పుడు మేకుకు తగిలిచ్చి పో" అని తీర్పు చెప్పింది. బావ ఒప్పుకున్నాడు. దిగే ముందు వెండిది మేకుకు, నూలుది నడుముకు. ఏళ్ల తరబడి అదే లెక్కన సాగింది.

డెబ్బైల చివర్లో బావ శ్రీశైలం డ్యాము పనికి పోయాడు. సున్నిపెంటలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఆనందరావు అని కాకినాడ వైపాయన, నీళ్లలో దిగి పనిచేసే జట్టుకు పెద్ద. బావ ఆయనకు మొదట తాడు పట్టుకునేవాడు. తర్వాత వీపుకు గాలి సిలిండరు కట్టుకుని తనే దిగడం నేర్చుకున్నాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా ఆ సంగతులే. అక్క వింటూ మధ్యలో ఒక్కటే అడిగేది. "ఆ సిలిండరును నీకు దేంతో కడ్తారు?"

*

ఎనభై రెండు చివర్లో నల్లమల మీద మబ్బు పగిలినట్టు వాన కురిసింది. ఆ వానే గవిమిట్ట నీళ్లను తీసుకుపోయింది. వినడానికి విడ్డూరంగానే ఉంటుంది. ఆ పల్లెకు తాగునీరూ సాగునీరూ కొండ అడుగున ఉన్న గవిలోంచి, అంటే గుహలోంచి, వచ్చే ఊట. వరదకు లోపల మాను ఏదో అడ్డంపడి, దాని చుట్టూ బురద పేరుకుని ఊట సన్నబడింది. సంక్రాంతి దాటేసరికి కాలవ అడుగు కనిపించింది. ఆడవాళ్లు బిందెలెత్తుకుని ఎక్కడో ఉన్న చెరువుకు నడవడం మొదలుపెట్టారు. వాళ్లలో బావను కన్నతల్లి ఏసమ్మ అత్త కూడా ఉంది.

ఊరి పెద్ద గురుస్వామి వచ్చి బావను అడిగాడు. బావ ఊపిరి బిగబట్టి ఒకసారి దిగి చూసొచ్చాడు. గవి లోపల మడుగు. మడుగు అడుగున అడ్డంగా రాతి చీలిక. పడుకుని పాకితే తప్ప మనిషి పట్టడు. మాను ఆ చీలిక అవతల ఉంది.

కబురందుకుని ఆనందరావు జీపులో వచ్చాడు. తనూ చూసి, దాచకుండా చెప్పాడు. "వీపున సిలిండరుతో ఆ సందులో దూరడం కుదరదు దేవరాజూ. చంకల కింద రెండు వైపులా కట్టుకుంటే దూరొచ్చు. అలా చేసేవాళ్లున్నారని విన్నాను. నేనెప్పుడూ చేయలేదు, కట్టుకునే సరంజామా కూడా నా దగ్గర లేదు. చిన్న సిలిండర్లు రెండు ఇస్తాను. దేని గొట్టం దానికే. ఒకటి పోయినా రెండోదానితో బయటపడతావు."

"కట్టేది మా ఇంట్లో ఉండాది సార్" అన్నాడు బావ.

అక్క వద్దంటుందని నేననుకున్నాను. ఆ ఆదివారం నంద్యాల నుంచి పనిగట్టుకుని బస్సెక్కి పోయాను, వద్దనమని చెప్పడానికి. అక్క అరుగు మీద గోనెపట్టా పరిచి, దాని మీద కొక్కేలు పోసుకుని కూర్చుంది.

"అక్కా, బావను పంపిస్తాండావా?"

"నేను పంపేదేందీ? వాళ్లమ్మ ఈ వయసులో బిందె మోస్తాండాది. ఆయప్ప నేనొద్దన్నా పోతాడు. పోయేది ఖాయమైతే వచ్చేది సూసుకోవాల గదా. పక్కకు జరుగు, ఎలుగు రానీ."

అలా ఆ పూటంతా నేను కొక్కేల పరీక్ష చూశాను. పదో తరగతి పరీక్షలు కూడా అంత కఠినంగా ఉండవు.

మొదట బావ ముచ్చటపడి తెచ్చుకున్నవి. డ్యాములో ఎత్తున పనిచేసే కూలీల బెల్టులకుండే పెద్ద ఉక్కు కొక్కేలు. వాటికి ఒక నాలుక ఉంటుంది. రింగుకు ఆనించి నెడితే నాలుక లోపలికి వంగి, రింగు లోపల పడగానే తిరిగి మూసుకుంటుంది. "సూడుమే, ఎంత బేగా పడ్తాదో" అని బావ టకటకా వేసి చూపించాడు. అక్క ఒక నాలుక కొక్కెం తీసుకుని, పక్కన కుప్పగా పడున్న తాళ్ల మీదుగా ఈడ్చింది. అది పైకొచ్చేసరికి నోట్లో రెండు తాళ్లున్నాయి.

"నేనేమన్నా తగిలిచ్చినానా? అదే పట్టుకునింది. లోపల నీకు దారి చూపే తాడు ఉంటాదే, దాన్ని కూడా ఇట్లనే పట్టుకుంటాది. పిలవని పేరంటానికి పోయే కొక్కెం ఇది. వద్దు."

తర్వాత నంద్యాల ఉమామహేశ్వరరావు ఇనుప సామాన్ల కొట్లోంచి నేను తీసుకుపోయినవి. తెల్లగా తళతళలాడుతున్నాయి. అక్క ఒకదాన్ని రాతి మీద పెట్టి సుత్తితో ఒక్కటి వేసింది. జంతికలా విరిగింది. "కుక్కపిల్లలకు సరిపోతాయి" అని వాటిని నా ఒళ్లో పోసింది.

మిగిలినవి నాయన పెట్టెలోని పాత ఇత్తడి కొక్కేలు. గుర్రాల పగ్గాలకు వాడినవి. వీటికి నాలుక వంగదు. పక్కనున్న చిన్న మీటను బొటనవేలితో వెనక్కి లాగితేనే నోరు తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. మనిషి కావాలని తెరిస్తే తప్ప దేన్నీ పట్టుకోదు, దేన్నీ వదలదు. నీళ్లలో ఉన్నా తుప్పుపట్టి బిగుసుకోదు. అక్క ఒక్కోదాన్ని ఎండకెత్తి చూసింది. పగ్గం ఒరుసుకుని మెడ అరిగినవి పక్కన పడేసింది. మీట మరీ చిన్నగా ఉన్నవీ పడేసింది. చివరికి బావ కళ్లకు తన కొంగు చుట్టి, బురద కలిపిన నీళ్ల తొట్టిలో చేతులు పెట్టించి, తగిలించు, విప్పు, తగిలించు, విప్పు అని చంపుకుతింది. వేళ్లు మొద్దుబారినా తెరవగలిగినవి మాత్రమే ఉంచింది. ఒక్కో సిలిండరుకు పైన ఒకటి, కింద ఒకటి. అన్నీ ఒకే రకం.

"కిందికన్నా ఆ నాలుకది పెట్టనీమే" అని బావ ఆఖరిసారి బతిమాలాడు.

"నాలుగూ ఒగే తీరుంటే నీ చెయ్యికి గుర్తుంటాది. లోపల నీ చెయ్యే గదా నీకు కన్ను."

కొక్కేలను సిలిండరుకు కట్టేచోట మాత్రం ఇనుప తీగ కాదు, రింగు కాదు. మెడ దగ్గర ఒకటి, నడుమ చుట్టిన కారు ట్యూబు పట్టీ దగ్గర ఒకటి, మైనం పట్టించిన జనపనార ముడులు వేసింది. ఒంటికి కట్టుకునే పట్టీలు మంచం నవారుతో కుట్టి, కొక్కేలు తగిలించే రింగులు వాటికి వేసింది. తోలు నానితే సాగుతుందట. ఒక పాత కొడవలి కొన విరగ్గొట్టి, పదును పెట్టి, ఏ చేత్తోనైనా అందేలా ఛాతీ మీద సంచి కుట్టి అందులో పెట్టింది.

"ఇంత సన్న ముడితో అంత సిలిండరా?" అన్నాన్నేను.

"దీని మీద ఎద్దులు నిలబడ్నాయి, కృపా" అంది అక్క.

*

నీళ్లు వచ్చాయని ముందే చెప్పేస్తున్నాను. గవిమిట్ట ఊట ఈ రోజుకీ పారుతోంది. ఆ దిగులు మీకు అక్కర్లేదు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం. గవి నోటి దగ్గర ఎండ బాగానే పడుతోంది, లోపల మడుగు మాత్రం నల్లగా ఉంది. ఆనందరావు తాళ్లు సరిచూస్తున్నాడు. ఒకటి బావకు దారి చూపే సన్న తాడు, ఇంకొకటి మానుకు కట్టాల్సిన మోకు. గురుస్వామి మగవాళ్లను మోకు దగ్గర నిలబెట్టాడు. అక్క మడుగు ఒడ్డున సిలిండర్ల ముడులను ఒక్కోదాన్ని గోటితో గీకి చూస్తోంది.

బావ బట్టలు మార్చుకోవడానికి బండ చాటుకు పోయాడు. అక్కడ జరిగింది మాకెవరికీ అప్పుడు తెలియదు. నడుము పట్టీ బిగిస్తుంటే నూలు మొలతాడు తెగిపోయింది. పాతది, తెగడానికే కట్టుకున్నది, తెగింది. బావ దాన్ని పారేసి రాబోయాడు. పట్టీలు అందించడానికి వెంటపోయిన ఏసమ్మ అత్త చూసింది. మొలతాడు లేని నడుముతో మగవాడు నీళ్లలో కాలు పెట్టగూడదని ఆమె నమ్మకం. వాళ్ల వంశం యేసును నమ్ముకుని మూడు తరాలైంది, మొలతాడును మాత్రం వదల్లేదు. కొడుకుకు మేలు జరగాలని, ఆ పొద్దున ఆయన తన ఇంట్లో మేకుకు తగిలించిన వెండిదాన్ని తీసి రొంటిన దోపుకుని తెచ్చుకుంది కూడా. కోడలిని దారం అడుగుదామంటే, దిగేముందు మొలతాడు తెగిందని బయటికి చెప్పాలి. అపశకునం. తల్లీ కొడుకులిద్దరూ కూడబలుక్కోకుండానే నోరు మూసుకున్నారు. ఆమె కట్టింది, ఆయన కట్టించుకున్నాడు, పైన నవారు పట్టీ కప్పేసింది.

బావ నీళ్లలోకి దిగి సిలిండర్లు తగిలించుకున్నాడు. టక్, టక్ అని మీటలు పడ్డ చప్పుడు గవిలో వినిపించింది. అక్క వైపు చూసి తల ఊపి మునిగాడు.

సన్న తాడు ఆనందరావు చేతుల్లోంచి కొంచెం కొంచెంగా జారింది. ఆగింది. మళ్లీ జారింది. చాలాసేపటికి మోకు రెండుసార్లు గట్టిగా కదిలింది. మానుకు కట్టాననడానికి గుర్తు. మగవాళ్లు కేకలేశారు. ఆనందరావు చెయ్యెత్తి ఆపాడు. "ఆయన బయటికి రావాలి. అప్పుడు లాగండి."

సన్న తాడు తిరిగి చేతికొస్తోంది. అంతలో ఆగిపోయింది.

ఆనందరావు మెల్లగా లాగి చూశాడు. రాలేదు. ఇంకోసారి లాగలేదు, లోపల ఏముందో తెలియకుండా లాగకూడదు. మడుగు మీద ఒక చోట బుడగలు వస్తున్నాయి. కదలడం లేదు, అదే చోట.

అదే మా అక్క నోరు తెరవని రోజు. నాకు ఒళ్లంతా మంట. గురుస్వామి మీద, ఆనందరావు మీద, ఆ కొండ మీద, బావను పుట్టించిన ఊరి మీద. ఏదో అనబోయి అక్క మొహం చూసి ఆగిపోయాను. ఆమె కుడి చేతి బొటనవేలు కదులుతోంది. గాల్లో మీట లాగుతోంది, వదులుతోంది. ఏసమ్మ అత్త బండకు నుదురానించి ప్రార్థన చేస్తోంది. ఆ ప్రార్థన మధ్యలో ఎందుకంత వణికిపోతోందో నాకప్పుడు తెలియలేదు.

ఉన్నట్టుండి బుడగలు ఒక్కసారిగా కుప్పగా వచ్చాయి. నీళ్లు ఎర్రబడ్డాయి. బురదేనని నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత తాడు కదిలింది. కొంచెం. ఇంకొంచెం.

బావ తల బయటికొచ్చింది. నలుగురు చేయి పట్టి ఒడ్డుకు లాగారు. ఎడమ చంక కింద సిలిండరు ఉంది. కుడి వైపు లేదు. రింగులకు రెండు ఇత్తడి కొక్కేలు మాత్రం వేలాడుతున్నాయి. ఒక్కోదాని కింద బెత్తెడు జనపనార.

అక్క పోయి ఒక కొక్కేన్ని అరచేతిలోకి తీసుకుంది. దారం కొన చూసింది. పీచులు రేగలేదు, కోసుకున్నట్టు నున్నగా ఉంది.

"కోసినావా?"

"కోసినా. వచ్చేటప్పుడు చీలికలో నడుం పట్టుకుపోయింది. సిలిండరు అడ్డం, చెయ్యి దూరల్యా. కొక్కెం రాతి కింద నలిగిపోయింది, మీటకు ఏలు అందల్యా. పై ముడి కోసినా, కింది ముడి కోసినా. సిలిండరు జారినాక చెయ్యి దూరింది. అప్పుడు ఇడిపిచ్చుకున్నా."

"నడుం దేనికి పట్టుకునింది?"

బావ వాళ్లమ్మ వైపు చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు. అక్క నవారు పట్టీ విప్పింది. వెండి మొలతాడు బయటపడింది. ఒక పక్క రాతికి ఒరుసుకుని తెల్లగా గీతలు పడి ఉంది. ఆ గీతల మీద అక్క వేలు పెట్టింది. ఆమెకు ఏ గొలుసు గుర్తొచ్చిందో ఆ గవిలో నా ఒక్కదానికే తెలుసు.

"నేనే కట్టినా లూదియా" అంది ఏసమ్మ అత్త. నిలబడలేక కూలబడింది. "నూలుది తెగిపాయ. ఉత్త నడుంతో పోగూడదని నేనే కట్టినా. నా బిడ్డను నేనే సంపుకుంటాంటి."

అక్క ఇప్పుడు అరుస్తుందని నేను, ఊరూ కాచుకుని ఉన్నాం. అరిచినా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. ఆమె కూలబడ్డ అత్త పక్కనే బురదలో కూర్చుంది. అత్త భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. మా నాయన పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవలేదు. భయం ఎంత ఉండిందో అప్పుడు తెలిసింది నాకు. కొక్కేలు పరీక్షించిన ఆ పూటంతా, కొంగుతో మొగుడి కళ్లు కట్టినప్పుడు కూడా, ఆమె లోపల ఉన్నది కోపం కాదు, ఇదే.

మగవాళ్లు మోకు లాగారు. మాను కదిలింది. గవి లోపల ఏదో పొట్ట కదిలినట్టు చప్పుడు చేసి, ముందు బురద, తర్వాత నీళ్లు మా కాళ్ల మీదుగా కాలవలోకి పారాయి. కేకలు, ఈలలు. గురుస్వామి తన తువ్వాలు గాల్లోకి విసిరాడు. అక్క కళ్లు తుడుచుకుని, పారే నీళ్లలో మొహం కడుక్కుని లేచింది.

"అత్తా, నీ కొడుకు ఉత్త నడుంతో పోగూడదనే గదా నీ బాధ. నాకు చెప్పింటే దారం ఇయ్యనా? పెట్టె నిండా దారమే గదా నాకు."

వెండిదాన్ని విప్పి అత్త చేతిలో పెట్టింది. పనిముట్ల పెట్టె తెరిచి ఒంటి పేట నూలుదారం తీసింది. తడి నడుముతో నిలబడ్డ బావ చుట్టూ అందరి ముందూ దాన్ని చుట్టి ముడివేసింది. వేలు దూర్చి గుంజింది. పుటుక్కున తెగింది. ఇంకో పోగు తీసి కట్టి గుంజింది. అదీ తెగింది. అప్పుడు మూడో పోగు తీసి బావ మొహంలోకి చూసింది.

"ఇది కూడా తెగుతాది" అంది.

బావ చేతులు పైకెత్తి నిలబడ్డాడు. "కట్టు" అన్నాడు.